ఇసుకలో పునాది: ఎవరి శాస్త్రం?

గోదావరి జిల్లాల్లో బడికెళ్ళిన ఏ పిల్లవాణ్ణి అడిగినా ధవళేశ్వరం ఆనకట్ట కట్టింది కాటన్ దొర అని చెబుతాడు. అది అబద్ధమేమీ కాదు. 1832-33 నందన కరువుతోనూ 1839 ఉప్పెనతోనూ చితికిపోయిన డెల్టాకి నీళ్ళు పారించొచ్చని 1844లో సర్కారుకి రాసినవాడు ఆయనే. 1847లో పని మొదలుపెట్టించి, 1852 నాటికి ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు ముక్కలుగా నదికి అడ్డంగా ఆనకట్ట నిలబెట్టించినవాడూ ఆయనే. ఆయన కీర్తిని తగ్గించడానికి మేము ఈ వ్యాసం రాయడం లేదు. ఊరూరా ఉన్న ఆయన విగ్రహాల మీద మాకు కోపమూ లేదు. మేము అడిగేది వేరే. ఆనకట్టలో రాయి ఉన్నట్టే జ్ఞానం కూడా ఉంటుంది. ఆ జ్ఞానం ఎవరి దగ్గర్నుంచి ఎవరి చేతికి పోయింది? చేతులు మారినప్పుడల్లా దాని పేరూ, దాని పరువూ ఎందుకు మారాయి?

ఈ ప్రశ్న ఇప్పుడెందుకంటే, మన ఉద్యమంలో కొన్నేళ్ళుగా రెండు వాదనలు వినిపిస్తున్నాయి. ఒకటి కమ్యూనిస్టు, హేతువాద మిత్రులది. సైన్సుకి కులం లేదు, దాన్ని జనంలోకి తీసుకుపోతే కులం దానంతటదే పోతుంది అంటారు. రెండోది మనలోంచే వస్తున్నది. మన తాతలు చేసిందే అసలు సైన్సు, తోలు పదును చేసిన మాదిగే మొదటి రసాయన శాస్త్రవేత్త, బ్రాహ్మడికి మాటలు తప్ప ఏమీ రావు అంటారు. మొదటి వాదన విన్నప్పుడు మాకు కోపం వస్తుంది. రెండోది విన్నప్పుడు ఒళ్ళు పులకరిస్తుంది. ఐతే కోపమూ పులకరింతా విమర్శ కావు. రెండిట్నీ గోదావరి ఇసుకలో నిలబెట్టి చూద్దామన్నదే మా ప్రయత్నం.

ముందు ఇసుక సంగతి. అడుగు దొరకని ఇసుక మీద బరువైన కట్టడం ఎలా నిలుస్తుంది? గోదావరికి ఆనకట్ట అన్నప్పుడు తేలవలసిన మొదటి ప్రశ్న ఇదే. కాటన్ దీనికి జవాబు ఇంగ్లండు నుంచి తేలేదు. గోదావరికి రాకముందు ఆయన తంజావూరు సీమలో 1830లలో కొల్లిడం నది మీద పనిచేశాడు. అక్కడ కావేరి మీద చోళుల నాటి కల్లణై ఉంది. రాయి వెయ్యడం, అది ఇసుకలో దిగబడితే పైన మళ్ళీ రాయి వెయ్యడం, దిగడం ఆగేదాకా వెయ్యడం. లోతెంతో తెలియని ఇసుకలో పునాది నిలబెట్టడం ఎలాగో తాము నేర్చుకున్నది ఈ దేశస్థుల దగ్గర్నుంచేననీ, మద్రాసు నదుల మీద తమ ఇంజనీర్లు సాధించిన విజయాలకు ఆ పాఠమే కారణమనీ కాటన్ తర్వాత 1874లో తానే ఒప్పుకున్నాడు. దొర నిజాయితీపరుడు. ఆయన శిష్యులం అని చెప్పుకునేవాళ్ళు ఈ ఒక్క మాటని మాత్రం పెద్దగా తలుచుకోరు.

ఈ పునాది పద్ధతికి ఇంకో రూపం మన ఊళ్ళల్లోనే ఉంది. గుండ్రంగా కట్టిన ఒరని నేల మీద నిలబెట్టి, లోపల మనిషి దిగి ఇసుక తోడిపోస్తుంటే, ఒర తన బరువుకి తానే కిందకి దిగుతుంది. పైన ఇంకో ఒర పెడతారు. మన వైపు దీన్ని ‘ఒరలు దించడం’ అంటారు. డెల్టాలో మంచినీళ్ళ బావి తవ్వాలంటే ఇదే దారి, ఇసుక నేలలో గోడ లేకుండా గొయ్యి నిలవదు గనక. వంతెనలకీ ఆనకట్టలకీ వేసే బావి పునాది కూడా సూత్రంలో ఇదే. ఇంజనీరింగు కాలేజీలో ఇది ఒక పాఠం, పరీక్షలో దానికి మార్కులుంటాయి. పేటలో ఇది కూలి. ఒర ఒక పక్కకి ఒరిగితే ఏ వైపు ఇసుక ఎక్కువ తియ్యాలో, ఊట ఉధృతంగా వస్తే ఎప్పుడు పైకి వచ్చెయ్యాలో లోపల ఉన్నవాడికి కాళ్ళ కింద తెలుస్తుంది. ఆ తెలివిని ఎవరూ ‘తెలివి’ అనరు. ‘వాడికి అలవాటు’ అంటారు. ఇంజనీరు దగ్గర ఉంటే జ్ఞానం, ఉప్పర, వడ్డెర, మాల చేతిలో ఉంటే అలవాటు. శాస్త్రం సామాజిక విషయం అని మేము అంటున్నది మొట్టమొదట ఈ అర్థంలోనే. ఏది తెలివో ఏది అలవాటో నిర్ణయించేది తెలివి కాదు, సంఘం.

ఆనకట్ట చరిత్రలో పేర్ల వరస చూడండి. పైన కాటన్. ఆ కింద తెల్ల లెఫ్టినెంట్లు. ఆ కింద, మనవాళ్ళలో, వీణం వీరన్న. ఆయన బ్రాహ్మణుడు, కాటన్‌కి కుడిభుజంగా పనిచేశాడు, రాయబహద్దూర్ బిరుదు పొందాడు, అర్హుడే. అక్కణ్ణుంచి ఇంకొక్క మెట్టు దిగేసరికి పేర్లు ఆగిపోయి అంకెలు మొదలవుతాయి. ఇన్ని వేల మంది కూలీలు, ఇన్ని వందల మంది వడ్రంగులు, ఇన్ని గజాల మట్టి. ధవళేశ్వరం కొండ నుంచి రాయి పగలగొట్టినవాళ్ళు, కాలవలు తవ్వినవాళ్ళు, తట్ట మోసిన ఆడవాళ్ళు, వీళ్ళందరూ ఆ అంకెల్లో ఉన్నారు. కరువు తర్వాతి కాలం అది. 

పని అయిపోయాక కూడా ఆ చేతుల్ని సర్కారు మర్చిపోలేదు. 1858లో మద్రాసు నిర్బంధ శ్రమ చట్టం వచ్చింది. నది గట్టుకో చెరువు గట్టుకో గండి పడినా, పడేటట్టున్నా, చుట్టుపక్కల ఉన్న కూలి తరగతుల మగవాళ్ళని పనికి రమ్మని పిలవొచ్చు, రానివాణ్ణి శిక్షించొచ్చు. మేము ఈ చట్టాన్ని జ్ఞానానికి సంబంధించిన పత్రంగా కూడా చదువుతాం. గండి పూడ్చడం ఆషామాషీ పని కాదు. గడ్డిమోపులు ఎక్కడ తొక్కాలి, గుంజలు ఏ వాలులో దిగ్గొట్టాలి, ప్రవాహానికి ఎదురుగా మనిషి గోడ ఎలా నిలబడాలి, ఇవన్నీ తెలిసినవాడే పూడ్చగలడు. చట్టానికి ఆ సంగతి తెలుసు. అందుకే వాళ్ళనే పిలుస్తుంది. కానీ వాళ్ళని పిలిచింది తెలిసినవాళ్ళుగా కాదు, ‘తరగతి’గా. తెలిసినవాణ్ణి సంప్రదిస్తారు, తరగతిని తోలుకొస్తారు. మాల వెట్టివాడి సంగతీ అంతే. ఊరి పొలిమేరలు, గట్లు, ఎవరి చేను ఎక్కడిదాకా అన్నదంతా వెట్టివాడి నోట్లో ఉండేది. తమిళ సీమలో పొలిమేర తగాదాల్లో పరయాల మాటే చెల్లేదని పోయిన శతాబ్దాల దొరలు కూడా రాసిపెట్టారు. ఊరి భూగోళమంతా తెలిసిన మనిషికి ఆ ఊళ్ళో సెంటు భూమి లేదు. తెలివి ఉంటే అధికారం వస్తుందనే సూక్తి రాసినవాడు వెట్టివాణ్ణి చూసి ఉండడు.

కాటన్‌కి మన పండితులు ఇచ్చిన బిరుదు అపర భగీరథుడు. గోదావరి స్నానం చేసేటప్పుడు సంకల్పంలో ఆయన్ని తలుచుకునేవారని కూడా రాజమండ్రిలో చెప్పుకుంటారు. క్రైస్తవుణ్ణి, సముద్రం దాటి వచ్చినవాణ్ణి, మ్లేచ్ఛుణ్ణి మంత్రంలోకి ఎక్కించుకోవడానికి అడ్డం రాని ఆచారం, కాలవ తవ్విన మాలవాణ్ణి ఆ కాలవ రేవులో దిగనివ్వడానికి అడ్డం వచ్చింది. ఇది మామూలుగా అందరూ చెప్పే మాటే. మాకు ఆసక్తి కలిగించింది ఆ భగీరథుడి పోలిక. పురాణం జ్ఞాపకం తెచ్చుకోండి. భూమిని తవ్వింది సగరుడి అరవైవేల మంది కొడుకులు. వాళ్ళు బూడిదయ్యారు. భగీరథుడు తవ్వలేదు, తపస్సు చేశాడు. గంగకి పేరు ఆయనది వచ్చింది, భాగీరథి అని. తవ్వినవాళ్ళకి బూడిద, తపస్సు చేసినవాడికి పేరు. మన పండితులు తెలియకుండానే చాలా ఖచ్చితమైన పోలిక తెచ్చారు! వాళ్ళ చేతిలో పడ్డాక లెవెల్ యంత్రం, కొలత గొలుసు పట్టుకుని ఎండలో తిరిగిన మిలటరీ ఇంజనీరు కూడా ఋషి అయిపోయాడు. చేతిపని చేసిన తెల్లవాడికి సైతం ఆ చేతిపని మరుగుపరచనిదే గౌరవం ఇవ్వలేని సంస్కృతి మనది.

పేర్ల సంగతి వచ్చింది కాబట్టి ఇంకొక్కటి. కోనసీమలో గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీదుగా కాలవని దాటించడానికి 1850లలో 49 ఖానాల అక్విడక్టు కట్టారు. దాని స్థానంలో 2000 ప్రాంతంలో వచ్చిన కొత్త అక్విడక్టుకి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. ఆమె అన్నదానం చేసిన మహా ఇల్లాలు, ఆమె మీద మాకు గౌరవమే. ఐనా నీటి మీద నీటిని నడిపించిన కట్టడానికి పేరు వెతుక్కోవలసి వచ్చినప్పుడు అన్నం పెట్టిన చెయ్యి జ్ఞాపకం వచ్చింది గానీ రాయి పెట్టిన చెయ్యి జ్ఞాపకం రాలేదు.

ఇక సిద్ధాంతం వైపు వద్దాం. 1931లో లండన్‌లో జరిగిన సైన్సు చరిత్ర మహాసభలో సోవియట్ పండితుడు బోరిస్ హెస్సెన్ ఒక పత్రం చదివాడు. న్యూటన్ భౌతికశాస్త్రం ఆకాశంలోంచి ఊడిపడలేదనీ, ఓడలు నడపడం, గనులు తవ్వడం, ఫిరంగులు పేల్చడం అనే ఆనాటి వర్తక పెట్టుబడి అవసరాలే ఆ ప్రశ్నలు వేయించాయనీ దాని సారాంశం. మన మార్క్సిస్టు మిత్రులు ఈ దారిలో ఎంతో చదివారు, మనకి చెప్పారు. మంచిదే. కొన్నేళ్ళ తర్వాత ఎడ్గర్ జిల్సెల్ దీనికి ఇంకో మాట కలిపాడు. ఐరోపాలో 1600 ప్రాంతంలో పండితుడికీ చేతిపనివాడికీ మధ్య ఉన్న గోడ కూలింది, ఆ కూలిన చోట ఆధునిక విజ్ఞానం పుట్టింది అని. మరి గోడ కూలని చోట ఏమైంది? ఈ ప్రశ్నకి జవాబు హెస్సెన్ కంటే, జిల్సెల్ కంటే ముందే ఈ దేశంలో ఒకాయన రాశాడు. బెంగాలు రసాయన శాస్త్రవేత్త ప్రఫుల్ల చంద్ర రే 1902-1909 మధ్య రెండు సంపుటాలుగా హిందూ రసాయన శాస్త్ర చరిత్ర ప్రకటించాడు. ఇక్కడ విజ్ఞానం ఎండిపోవడానికి కారణం కులం అని అందులో దాదాపు సూటిగానే అన్నాడు. చేతిపనులు కింది కులాలకి వదిలేసి ఆలోచించే వర్గం పక్కకి తప్పుకుంది, ‘ఎందుకు, ఎలా’ అని అడిగేవాడికి వస్తువు తెలియదు, వస్తువు తెలిసినవాడికి అడిగే హక్కు లేదు. శవాన్ని ముట్టుకుంటే మైల అన్నాక శరీరశాస్త్రం ఎలా బతుకుతుంది? రే జాతీయవాది, హిందూ రసాయన శాస్త్రం గొప్పదని చెప్పడానికే కలం పట్టుకున్నవాడు. ఆయనే ఈ మాట అనవలసి వచ్చింది. మన మిత్రులు హెస్సెన్‌ని చదివారు, రేని ఎందుకు చదవలేదు? చదివినా ఆ పేజీలు ఎందుకు తిప్పేశారు?

శవం సంగతే తీసుకుందాం. సుశ్రుత సంహితలో శరీరాన్ని ఎలా పరిశీలించాలో ఉంది. శవాన్ని గడ్డితో చుట్టి, బోనులో పెట్టి, పారే నీళ్ళలో ఏడు రాత్రులు ఉంచి, నానిన తర్వాత వేళ్ళతోనో నారతోనో చేసిన కుంచెతో పొరపొరా తీస్తూ చూడాలి. ఇది రాసినవాడు చేతులకి మైల అంటుకుంటుందని భయపడినవాడు కాదు. మనుస్మృతి ఏమంది? వైద్యుడి అన్నం తినకూడదు, అది చీముతో సమానం అంది. ఆయుర్వేదాన్ని హిందూమత ఘనతగా ఊరేగించేవాళ్ళు ఈ రెండు పుస్తకాల్నీ పక్కపక్కన పెట్టి చదవరు. దేబీప్రసాద్ చట్టోపాధ్యాయ 1977లో వచ్చిన ప్రాచీన భారత విజ్ఞానం మీది పుస్తకంలో చదివాడు. వైద్యులు అందరితో కలిసి తిరిగేవాళ్ళు, అందర్నీ ముట్టుకునేవాళ్ళు, అందుకే ధర్మశాస్త్రకారులకి కంటగింపయ్యారన్నాడు.

తత్వశాస్త్రంలోనూ ఈ గోడే. బ్రహ్మసూత్రాల్లో అపశూద్రాధికరణం అని ఒక భాగం ఉంది. శూద్రుడికి వేదవిద్యకి అధికారం లేదని తేల్చే భాగం. అంతా ఒకటే బ్రహ్మం, రెండోది లేదు అని చెప్పిన శంకరుడు ఆ సూత్రాల దగ్గరికి వచ్చి వాటిని సమర్థిస్తూనే భాష్యం రాశాడు. అంతా ఒకటే అని చెప్పే పుస్తకంలోనే ఆ మాట ఎవరు వినకూడదో చెప్పే అధ్యాయం కూడా ఉంది. అద్వైతం మంచిదా చెడ్డదా అనే చర్చలోకి మేము పోము, అది మా పని కాదు. ఆ వాకిట్లో కాపలావాడున్నాడు, వాడు తత్వానికి బయటివాడు కాదు, లోపలి మనిషే అన్నంతవరకే మేము చెప్పదలుచుకున్నది.

వాకిలి బయట నుంచి విన్నవాళ్ళ కథలు మన జానపదంలో ఉన్నాయి. పోతులూరి వీరబ్రహ్మం కథలో మాదిగ కక్కయ్య కథ తెలియని తెలుగువాడు ఉండడు. కడప సీమలో పుట్టినా గోదావరి పల్లెల్లో కూడా దాన్ని పాడుకున్నారు. స్వామి సిద్ధయ్యకి శరీరంలోని ఆరు చక్రాల గురించీ, వాటిలో ఉండే దేవతల గురించీ బోధిస్తుంటే కక్కయ్య చాటుగా వింటాడు. ఇంటికి పోయి, నిద్రపోతున్న పెళ్ళాం శరీరం కోసి చూస్తాడు. దేవతలు కనపడరు. నువ్వు చెప్పింది అబద్ధం అని స్వామి మీదకి వస్తాడు. స్వామి వచ్చి, దేవతల్ని చూపించి, ఆమెని బతికిస్తాడు, కక్కయ్య శిష్యుడవుతాడు. భక్తులు దీన్ని కక్కయ్య అజ్ఞానానికీ స్వామి మహిమకీ ఉదాహరణగా చెబుతారు.

మేము కొంతకాలం దీన్ని తిరగేసి చెప్పుకున్నాం. చచ్చిన గొడ్డుని కోసి లోపల ఏముందో రోజూ చూసే మాదిగ, ‘శరీరంలో ఇది ఉంది’ అని ఎవరన్నా అంటే తెరిచి చూడాలనుకోవడమే సహజం, ఆ కథలో శాస్త్రీయ దృష్టి ఉన్న మనిషి కక్కయ్య ఒక్కడే, చూసి లేదని చెప్పే ధైర్యమూ అతనిదే అని. మీటింగుల్లో చెబితే చప్పట్లు పడేవి. కానీ మా చదువుల సర్కిల్లో ఒక ఆడమనిషి అడిగిన ప్రశ్నకి మా దగ్గర జవాబు లేకపోయింది. కోయబడ్డ శరీరం ఎవరిది? ఆవిడకి కథలో మాట కూడా లేదు కదా! అవును. గురువు జ్ఞానానికీ శిష్యుడి పరీక్షకీ మధ్య ఆవిడ వట్టి వస్తువు. ఆ రోజు నుంచి ఆ కథని మేము విజయగాథగా చెప్పడం మానేశాం. కింద ఉన్నవాడికి కూడా తన కన్నా కింద ఎవరో ఒకరు దొరుకుతారు. జ్ఞానం పేరుతో చేసే పనుల్లో అది ఇంకా బాగా కనిపిస్తుంది.

ఇప్పుడు రెండో వాదన, మనలోంచి వచ్చేది. కంచ ఐలయ్య 1996 నాటి ‘నేను హిందువు నెట్లయిత?’ మూలగ్రంథంతోనూ, 2009 నాటి ‘పోస్ట్ హిందూ ఇండియా’తోనూ ఉత్పత్తి కులాల పని అంతా జ్ఞానమే అని గట్టిగా చెప్పాడు. అది చెప్పడం అవసరం, ఆ మాట విని తలెత్తుకున్న పిల్లల్ని మేము చూశాం. తోలు పని నిజంగా రసాయనమే. సున్నంలో ఎంత నానితే వెంట్రుక ఊడుతుంది, ఎంత దాటితే తోలు చివికిపోతుంది, తంగేడు చెక్క రసం ఎంత చిక్కగా ఉండాలి, లందలోంచి ఎప్పుడు తియ్యాలి, ఇదంతా గడియారం లేకుండా, థర్మామీటరు లేకుండా చేతి స్పర్శతో, ముక్కుతో కొలిచారు. ఇదే పని 1948లో మద్రాసులో కేంద్ర తోళ్ళ పరిశోధన సంస్థగా పుట్టాక దేశానికి గర్వకారణమయ్యింది. దాన్ని నడిపిన యలవర్తి నాయుడమ్మ మన తెలుగువాడే, తెనాలి దగ్గరి యలవర్రులో 1922లో పుట్టాడు, 1985లో కనిష్క విమాన ప్రమాదంలో పోయాడు. పెద్ద కులంలో పుట్టి తోలు ముట్టుకున్న మనిషి అని ఆయన్ని మెచ్చుకుంటారు, ఆ మెప్పు న్యాయమే. ఐతే ఆ మెప్పు అర్థం ఏమిటి? తోలు ముట్టుకోవడం ఆయనకి గుణం, మాదిగకి దోషం. లంద దగ్గర వాసన ఒకటే. ప్రయోగశాలకి వచ్చేసరికి అది ఉద్యోగం, పల్లెలో అది అంటరానితనానికి సాక్ష్యం.

ఇంతవరకూ ఐలయ్యతో మేము కలిసే నడుస్తాం. ఇక్కడే విడిపోతాం. తోలు పని జ్ఞానమే ఐతే, ఆ జ్ఞానాన్ని వదిలేసే స్వేచ్ఛ మాదిగకి ఉండాలా అక్కర్లేదా? కులం పని విభజన కాదు, పనిచేసేవాళ్ళ విభజన అని 1936లోనే అంబేద్కర్ తేల్చాడు. పనిని ఎంత పొగిడినా పనివాడు కదలకుండా ఉంటే ఆ పొగడ్త ఎవరికి లాభం? 1953లో మద్రాసులో రాజాజీ ప్రభుత్వం బడిని ఒక పూటకి కుదించి రెండో పూట పిల్లలు ఇంటి వృత్తి నేర్చుకోవాలని పథకం తెచ్చింది. కులవిద్య అని జనం దానికి సరైన పేరే పెట్టారు. 1954లో అది రద్దయ్యింది. వృత్తుల గొప్పతనం గురించి అప్పుడూ చాలా తియ్యని మాటలు చెప్పారు. 2023లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన విశ్వకర్మ పథకంలో చెప్పులు కుట్టేవాళ్ళూ ఉన్నారు. పనిముట్లకి డబ్బిస్తే వద్దనం, అవసరం ఉన్నవాడు తీసుకుంటాడు. కానీ ‘మీది గొప్ప విజ్ఞానం’ అనే మాట మన నోట వచ్చినప్పుడూ, వాళ్ళ నోట వచ్చినప్పుడూ ఒకేలా వినిపిస్తుంటే మనం ఆగి ఆలోచించాలి.

డెల్టా దళితులు ఈ విషయం ఎప్పుడో తేల్చుకున్నారు. మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న ‘పాలేరు’ నాటకం 1940లలో ఊళ్ళల్లో ఆడుతుంటే జనం విరగబడి చూశారు. కామందు దగ్గర పాలేరుగా ఉన్న కుర్రాడు చదువుకుని పెద్ద ఉద్యోగి కావడం దాని కథ. నాగలి పట్టడం జ్ఞానం కాదని భీమన్న అనలేదు. పాలేరుకి నాగలి తెలుసు, తెలిసింది చాలు, తెలియనిది కావాలి అన్నాడు. ఇక రాజమండ్రి కుసుమ ధర్మన్న ఉన్నాడు. ‘మాకొద్దీ నల్లదొరతనము’ కవిగానే మనకి తెలుసు, గరిమెళ్ళ పాటకి ఎదురు నిలబెట్టి అటు తెల్లదొరనీ ఇటు నల్లదొరనీ కలిపి నిలదీసినవాడు, ‘జయభేరి’ పత్రిక నడిపినవాడు. ఆయన వైద్య విద్వాన్ అన్న సంగతి మాత్రం ఒక వాక్యంలో చెప్పి వదిలేస్తాం. ఆగి చూస్తే అందులోనే మనకి కావలసిన పాఠం ఉంది. మాల కులంలో పుట్టినవాడు సంస్కృతం ఉన్న ఆయుర్వేదం నేర్చుకుని నాడి పట్టుకున్నాడు. నాడి చూడాలంటే మనిషిని ముట్టుకోవాలి! అంటరానివాడు వైద్యుడైతే అంటరానితనం అనే సిద్ధాంతానికి రోజూ మణికట్టు దగ్గర పరీక్ష జరుగుతుంది. ధర్మన్న కులవృత్తిని శాస్త్రంగా ప్రకటించలేదు, శాస్త్రాన్ని కులం చేతిలోంచి లాక్కున్నాడు. ఈ రెండు పనులూ ఒకటి కావు. మనకి రెండూ కావాలి. ఏదో ఒకటే ఎంచుకోమంటే మా ఓటు ధర్మన్నకి.

విత్తనం సంగతీ చెప్పాలి. పశ్చిమ గోదావరి మారుటేరులో 1925 నుంచి వరి పరిశోధన కేంద్రం ఉంది. మొదటి రోజుల్లో ఇలాంటి కేంద్రాలు చేసింది ఊళ్ళల్లో ఉన్న రకాల్లోంచి మేలైన కంకులు ఏరి, వాటిని వేరుగా పెంచి, ఒక నంబరు ఇవ్వడం. తర్వాత సంకరాలు వచ్చాయి. 1982లో విడుదలైన ఎం.టి.యు. 7029, మన ‘స్వర్ణ’, ఈ దేశంలో కోట్ల మందికి అన్నం పెట్టింది. స్వర్ణని కూలీలు కనిపెట్టారని మేము అనం, అలాంటి అబద్ధాలతో మనకి పనిలేదు. అది శాస్త్రవేత్తల పని, వాళ్ళకి దణ్ణం. కానీ ఏరిన ఆ పాత రకాలు ఊళ్ళో నిలిచి ఉండడానికి కారణం ఏటేటా ఎవరో కంకి చూసి విత్తనం పక్కన పెట్టడం. ఆకుమడిలో ఏ నారు ఎన్ని రోజులకి తియ్యాలో, సార్వాకీ దాళ్వాకీ కుదురుకి కుదురుకి ఎంత ఎడం ఉండాలో ఊడ్పు చేసే ఆడవాళ్ళ వేళ్ళకి తెలుసు. వాళ్ళని ‘లేబరు సమస్య’ అని పిలవడం మాత్రం అందరికీ వచ్చింది.

విశ్వవిద్యాలయాల్లోనూ ఇదే పొలం. సిద్ధాంతం చెప్పే బ్రాహ్మలూ సమాచారం మోసే శూద్రులూ అని మన సామాజిక శాస్త్రాల్లో ఉన్న విభజనని గోపాల్ గురు 2002లో ఎత్తిచూపాడు. దళిత విద్యార్థి పల్లెకి పోయి ప్రశ్నపత్రం నింపుకొస్తే అది డేటా, దాని మీద ఇంకొకరు రాస్తే అది థియరీ. ‘మీరు మీ అనుభవం చెప్పండి’ అని మమ్మల్ని పిలిచే సెమినార్లకి లెక్కలేదు, మా ఆలోచన చెప్పమన్న సెమినార్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అనుభవం అంటే ఇక్కడ కూడా ఒర లోపల దిగి ఇసుక తియ్యడమే. 2016 జనవరి 17న హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో చనిపోయిన రోహిత్ వేముల తన ఆఖరి ఉత్తరంలో కార్ల్ సాగన్‌లా సైన్సు రచయిత కావాలనుకున్నానని రాశాడు. తన కులం గురించి రాసే రచయిత కాదు, నక్షత్రాల గురించి రాసే రచయిత. సైన్సుకి కులం లేదనే మిత్రులూ, మన తాతల పనే సైన్సు అనే మిత్రులూ ఇద్దరూ ఆ కోరికని ఎలా అర్థం చేసుకుంటారో మాకు వినాలనుంది. అతను అడిగింది తాత పనికి బిరుదు కాదు. ఆకాశం.

మళ్ళీ గోదావరికి వద్దాం. అంబేద్కర్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో లేబర్ మెంబరు. నీటిపారుదల, విద్యుత్తు ఆయన శాఖలో ఉండేవి. నదిని రాష్ట్రాల ముక్కలుగా కాక లోయ మొత్తంగా చూడాలి, వరదని ఒట్టి విపత్తుగా కాక నిలవచేసుకోవలసిన నీరుగా చూడాలి అన్నది ఆయన హయాంలో ఢిల్లీ విధానమయ్యింది. 1945లో కేంద్ర జలమార్గాల, నీటిపారుదల, నౌకాయాన సంఘం ఏర్పడిందీ, దామోదర్ లోయ, మహానది పథకాలు రూపు కట్టిందీ అప్పుడే. పెద్ద ఆనకట్టల కింద ఎంతమంది ఆదివాసులు, దళితులు మునిగారో ఇవాళ మనకి తెలుసు. పోలవరం ముంపు ఊళ్ళు కళ్ళ ముందే ఉన్నాయి. కాబట్టి ఆ విధానాన్ని కూడా విమర్శకి పెట్టాల్సిందే, అంబేద్కర్‌దని వదలక్కర్లేదు. ఐనా ఈ దేశపు నీళ్ళ గురించి ఆలోచించినవాళ్ళ పేర్లు రాస్తే ఆయన పేరు ముందు వరసలో ఉంటుంది.

2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడింది. మే నెలలో దానికి అంబేద్కర్ పేరు కలుపుతామని ప్రభుత్వం ప్రకటించింది. మే 24న అమలాపురంలో గుంపులు రోడ్ల మీదకి వచ్చి ఒక దళిత మంత్రి ఇంటినీ, వెనకబడిన కులానికి చెందిన ఒక శాసనసభ్యుడి ఇంటినీ తగలబెట్టాయి. కోనసీమ అంటే కొబ్బరి, వరి, కాలవలు. ఆ కాలవల నీళ్ళు తాగి పెరిగిన కుర్రాళ్ళే ఆ గుంపుల్లో ఉన్నారు. తర్వాత అదే పేరు ఖాయమయ్యింది, ఇప్పుడు జిల్లా కాగితాల మీద అదే ఉంది. ఆ జిల్లా పిల్లలు బడిలో ఆనకట్ట పాఠంలో కాటన్‌ని చదువుకుంటారు. అంబేద్కర్‌ని రాజ్యాంగం పాఠంలో చదువుకుంటారు. నీళ్ళ పాఠంలో ఆయన పేరు మాకు ఎక్కడా కనపడలేదు.